సూదంటురాయి వైద్యం, బసమ్మ పత్తెం

"ఆ గిన్నె మూత తియ్యకు గౌరవ్వా!"

"తీస్త. పదిహేను దినాలు నా కోడలు చప్పిడి కూడు తిన్నది. ఇయ్యాల పత్తెం ఇడుస్తది. ఆపనీకి నువ్వెవ్వతివి?"

"ఈ దవాఖాన ఆయాను. నీ కోడలిది గుండె జబ్బని నీకు తెల్వదా? మటన్ల ఉప్పు, తొక్కుల ఉప్పు, అంత ఒక్క పూటనే పోస్తవా దాని కడుపుల?"

"ఓహో! పత్తెం చెయ్యమన్నది నువ్వే, ఇడువద్దన్నది నువ్వే. బాలింత సుత ఇన్ని దినాలని చేసి ఇడుస్తది. ఇడువని పత్తెం ఏడనన్న ఉన్నదా?"

"నేనెప్పుడు చెయ్యమన్న?"

"ఈ వరండలనే నిలబడి చెప్పినవ్. అందరు ఇన్నరు. అడుగు."

గిన్నె మూత ఒక దిక్కు నా చేతిల, ఇంకో దిక్కు గౌరవ్వ చేతిల ఉన్నది. ఆ మాట ఇన్నంక నా చెయ్యి దానంతట అదే సడలింది. ఎందుకంటే నేనేం చెప్పిననో నాకు అప్పుడే యాదికొచ్చింది.

ఇది తొంభై ఏడుల సంగతి. కందులు కోసి ఇండ్లకు తెచ్చుకున్న దినాలు. నారాయణఖేడ్‌ల ఒక దవాఖానల నేను ఆయాగ పని చేస్తుంటి. చదివింది మూడో తరగతి. అంకెలు మాత్రం తప్పు పోకుండ రాస్త. ఆయా పని అంటే ఊడ్చుడు, తుడుచుడు, బెడ్‌పాన్ పెట్టుడు అనుకుంటరు మంది. అవన్నీ ఉన్నయి. గాని పేషెంట్ లోపలికొచ్చినంక డాక్టర్ కండ్లతోని చూస్తే, ఆయా చెవులతోని ఇంటది. ఎవరు రాత్రి కూసుండి నిద్రపోయిర్రు, ఎవరు గోలీ మింగినట్టు చేసి కిటికీల నుంచి పారేసిర్రు, ఇవన్నీ మాకు తెలుస్తయి. అందుకే నా మీద నాకు జెర్ర గర్వముండె. నా కంట పడకుండ వార్డుల ఏది జరగదని అనుకుంటుంటి. ఈ కేసు ఆ గర్వాన్ని దించింది.

ఆ యేడు పట్నం నుంచి ఒక డాక్టర్ సారు వచ్చిండు. పేరు సురేంద్ర. కోస్తా దిక్కు మనిషి. నన్ను "ఆయమ్మ గారూ" అని పిలుస్తుండె. మొదటిసారి ఇన్నప్పుడు నన్ను ఎక్కిరిస్తుండనుకొని, ఇంకోసారి అట్ల అంటే చీపురు ఇక్కడనే పడేసి పోత అన్న. పాపం, ఆయన మాటనే అంత అని తర్వాత తెలిసింది. ఆయన జీపుల ఒక పెద్ద చెక్క డబ్బా తెచ్చిండు. అందుల మిషను. దానికి లావు వైరు, వైరు చివరన ఎనిమిది అంకె లెక్క చుట్టిన ఒక చుట్ట. దాన్ని కాయిల్ అంటరు. ఆ కాయిల్ నెత్తికి ఆనిచ్చి పట్టుకుంటే టక్ టక్ టక్ అని సప్పుడైతది. సూది లేదు, కోత లేదు, మందు లేదు. లోపల కరెంటు తిరిగి సూదంటురాయి లెక్క పని చేస్తదట. ఆ బలం పుర్రె దాటిపోయి మెదడును తడుతదట.

"గుండె జబ్బుకు నెత్తికేం పని సారూ?" అని నేను అడిగిన.

ఆయన నవ్వలే. మంచిగ కూసోబెట్టి చెప్పిండు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవుడు కాదట, బలం తగ్గి రక్తాన్ని సరిగ తోడలేకపోవుడట. మా దిక్కు "గుండె ఫెయిలైంది" అంటే మనిషి పోయిండనే లెక్క. ఆ మాట ఇంగ్లీషుల చెప్తే ఇంట్లోళ్లు అక్కడనే ఏడుపు మొదలుపెడ్తరు. అందుకే నేను "గుండె అలిసింది" అని చెప్తుంటి. సారు ఆ మాట పట్టుకున్నడు.

"అలిసిన ఎద్దును ఊరికే కొడుతూ ఉంటే ఏమవుతుంది ఆయమ్మ గారూ?"

"ఇంకింత అలుస్తది. పడిపోతది."

"అదే. గుండె అలిసిపోతే మెదడు ఊరుకోదు. ఇంకా కొట్టుకో, ఇంకా కొట్టుకో అని కొరడా వేస్తూనే ఉంటుంది. నెత్తి మీద నుంచి మెదడును తట్టి, ఆ కొరడా కొంచెం తగ్గించగలమా అని చూడటమే నా పరిశోధన. తగ్గుతుందో లేదో నాకూ తెలియదు. తెలిస్తే ఇంత దూరం ఎందుకు వస్తాను?"

నాకూ తెల్వదు అని ఒప్పుకున్న డాక్టర్‌ను నేను అంతకు ముందు చూడలే. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు గౌరవం కుదిరింది.

పరిశోధనకు ఒక కట్టుబాటు ఉన్నది. కాయిళ్లు రెండు. చూడనీకి రెండూ ఒక్క తీరే, సప్పుడు సుత ఒక్కటే. ఒకటి అసలుది, ఇంకోటి ఉత్త సప్పుడు చేసేది. ఆ ఉత్తదాన్ని షామ్ అంటరు. ఎవరికి ఏది పెట్టిర్రో పేషెంట్‌కు తెల్వదు, నాకు తెల్వదు, సారుకు సుత తెల్వదు. ఆ చిట్టా పట్నంల ఇంకొకరి దగ్గర ఉంటది. ఎందుకంటే మిషను పెట్టినంక మంచిగైతదన్న నమ్మకంతోనే కొందరికి మంచిగనిపిస్తదట. అందుకే ఇంత జాగ్రత్త. ఇది పేషెంట్లందరికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే ఏలుముద్ర తీసుకున్నం.

నా పని ఏందంటే, పొద్దున కడుపుల ఏం పడకముందు ఒక్కొక్కరిని కాంట మీద నిలబెట్టి బరువు రాసుడు. గుండె అలిసినోళ్లకు నీళ్లు ఒంట్లనే నిలుస్తయి. కాళ్లు ఉబ్బుతయి, పొట్ట ఉబ్బుతది, పండుకుంటే ఊపిరాడక దమ్ము వస్తది. బరువు పెరిగిందంటే నీళ్లు పెరిగినయని లెక్క. దాని తర్వాత ఈసీజీ తీస్తరు. గుండె దెబ్బకు దెబ్బకు నడుమ ఎడం ఎట్లుందో ఆ కాయిదం మీద గీతల్ల కనపడ్తది. ఆ కాయిదం వట్టిగ పోవుడు నాకు గిట్టదు. చిన్న ముక్క మిగిలినా దాని వెనుక మరుసటి దినం పేర్లు రాసుకుంటుంటి.

ఆ పేషెంట్లల్ల ఒకామె బసమ్మ. కంగ్టి అవతల, కర్ణాటక గట్టు మీది ఊరు. కన్నడం మాట్లాడుకునే ఇల్లు. ముప్పై ఐదేండ్లు ఉండొచ్చు. పెనిమిటి బతుకుదెరువుకు షుగర్ ఫ్యాక్టరీ దిక్కు చెరుకు కొట్టబోయిండు. కోడలిని దవాఖానకు తెచ్చింది అత్త గౌరవ్వ. బసమ్మకు రెండేండ్ల నుంచి దమ్ము. చివరి కాన్పు అయినంక మొదలైందట. మా దవాఖాన మెట్లు మూడే. ఆ మూడు మెట్లు ఎక్కనీకి నడుమ ఒకసారి కూసున్నది. బరువు నలభై ఆరు. చేతులేమో పుల్లలు, కాళ్లేమో ఏలుతోని ఒత్తితే గుంత పడేటట్టు ఉన్నయి. నీళ్ల గోలీ, అంటే నీళ్లను మూత్రంల పంపే గోలీ, రెండేండ్ల సంది మింగుతనే ఉన్నది.

"ఉప్పు తగ్గించినవా బిడ్డా?" అని అడిగిన.

"తగ్గించిన ఆయమ్మా."

ఆ జవాబు నాకు కొత్త కాదు. వచ్చినోళ్లందరు తగ్గించిన అనే అంటరు.

వైద్యం మొదలుపెట్టే దినం సారు అందరిని వెనుక వరండల నిలబెట్టిండు. పేషెంట్లు దవాఖానలనే ఉంటరు, వెంట వచ్చినోళ్లు అక్కడ రేకుల కింద పొయ్యిలు పెట్టుకొని వండుకుంటరు. సారు చెప్పిండు.

"ఆయమ్మ గారూ, ఈ పదిహేను రోజులూ వీళ్లు ఆహారంలో ఏ మార్పూ చేయకూడదు. ఇంటి దగ్గర ఎలా తింటున్నారో అలాగే తినాలి. కొంచెం అర్థమయ్యేలా చెప్పండి."

ఎందుకు అట్ల చెప్పిండంటే, తిండి మారితే ఒంట్ల నీళ్లు మారుతయి. అప్పుడు మారింది మిషను తోనా, తిండి తోనా అని తెల్వదు. ఆయన మాట వాళ్లకు అందదు, అందుల సగం మంది కన్నడమోళ్లు. నేను గొంతు పెద్దగ చేసి చెప్పిన.

"ఇనుర్రి! పదిహేను దినాలు పత్తెం తప్పొద్దు. ఎప్పటి లెక్కనే ఉండాలె."

దవాఖానల ఏండ్లకు ఏండ్లు పని చేసి నా నోటికి డైట్ అంటే పత్తెం అని అలవాటైంది. పాలు, బ్రెడ్డు ఇచ్చేది పత్తెం. షుగరున్నోళ్లకు రొట్టె ఇచ్చేది పత్తెం. నా లెక్కల పత్తెం అంటే పేషెంట్ తినే తిండి, అంతే. గాని వాళ్ల ఇండ్లల్ల పత్తెం అంటే వేరే. నాటు మందు తాగినప్పుడు, కామెర్లకు ఆకు పసరు పోసుకున్నప్పుడు, కాన్పు అయినప్పుడు ఎప్పటి నుంచో నడిచేది. ఉప్పు లేదు, పులుపు లేదు, నీళ్లు గొంతు తడిసేటంతనే. "ఎప్పటి లెక్కనే" అంటే వాళ్లకు "మన పెద్దలు చేసిన లెక్కనే" అని ఇనబడ్డది. కన్నడంల సుత అది అదే మాట. అందుకే ఎవ్వరు మల్ల అడగలే.

ఇగ ఆ పదిహేను దినాలు గౌరవ్వ కోడలికి జొన్నరొట్టె, ఉప్పు లేని పెసరపప్పు, అంతే పెట్టింది. నీళ్లు చిన్న గిలాసతోని కొలిచి ఇచ్చింది. నేను దినాం ఆ పొయ్యి పక్కలనే తిరిగిన. తొక్కు జాడీ లేకపోవుడు చూసిన. పాపం, లేనోళ్లు అనుకున్న. రుచి చూడలే, అడగలే.

బసమ్మ బరువు దిగుడు మొదలైంది. నలభై ఐదు. నలభై నాలుగున్నర. నలభై మూడు. వారం దాటినంక కాళ్ల పట్టీలు వదులైనయి. మెత్త మీద మెత్త పెట్టుకొని కూసుండి నిద్రపోయే మనిషి ఒక్క మెత్త మీద పండుకున్నది. పన్నెండో దినం బాయి దగ్గర తన చీర తనే పిండుకుంటుంటె చూసి నేనే తిట్టిన. సారు ఈసీజీ కాయిదాలు దీపానికి ఎదురుగ పట్టుకొని చూస్తుండె.

"చూశారా ఆయమ్మ గారూ, కొరడా నెమ్మదించినట్టే ఉంది!" అన్నడు. ఆయన మొకం చూస్తే కొడుకు పుట్టిన తండ్రి మొకం లెక్కున్నది. పదిహేను దినాలు అయినంక పట్నంల తన పెద్ద డాక్టర్లకు బసమ్మ కేసే ముందుగాల చెప్పాలని కాయిదాలు సదురుకున్నడు.

ఒక్కటే నాకు మింగుడు పడని సంగతి. పదమూడో దినం బసమ్మ మంచం మీద నుంచి లేచి తూలింది. కండ్లు తిరిగినయన్నది. ఎండ అనుకొని నేను నీడకు కూసోబెట్టిన.

పదిహేనో దినం పొద్దున చివరి వైద్యం అయింది. పగటి వేళకు గౌరవ్వ సంతకు పోయి మటన్ తెచ్చింది, ఎవరి దగ్గరనో మామిడికాయ తొక్కు అడుక్కొచ్చింది. రేకుల కింద మసాల వాసన లేస్తుంటె నేను పోయిన. అప్పుడే ఆ కొట్లాట.

నా చెయ్యి సడలినంక గౌరవ్వ మూత తీసింది. బసమ్మ కంచం ముందల కూసున్నది. నేను పోయి ఆ కంచం ఎత్తి నా ఒళ్లె పెట్టుకున్న.

"ఇది తినకుండ ఉండు బిడ్డా. నేను సారును తీసుకొస్త. నేను వచ్చినంక నువ్వు ఇష్టమున్నట్టు చెయ్యి."

"నాకు ఆకలైతుంది ఆయమ్మా," అన్నది బసమ్మ మెల్లగ. "ఉప్పు మొకం చూడక పదిహేను దినాలైంది. నాలిక సచ్చిపోయింది."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాని కంచం ఇడువలే. కంచం పట్టుకొనే సారు రూముకు నడిచిన.

నడిచింది ఇరవై అడుగులే. ఆ ఇరవై అడుగులల్ల నా మనసు మంచిగ లేదు. చెప్పకుంటే ఏమైతది అనుకున్న. మటన్ ఒక్కటి ఆపి, ఉప్పు తినకని బసమ్మకు చెప్పి ఊకుంటే సరిపాయె. సారు సంతోషంగ పట్నం పోతడు. నా తప్పు ఎవ్వరికి తెల్వదు. అంకె తప్పు రాసిందని ఒక పిల్ల నర్సును నేను అందరి ముందట నిలదీసిన మనిషిని. ఇప్పుడు నేనే మాట తప్పు చెప్పి పదిహేను దినాల పని పాడు చేసిన. గాని నా చేతుల కంచం ఉన్నది. నాలిక సచ్చిపోయిందన్న ఆ పిల్ల మాట చెవుల ఉన్నది. చెప్పకుంటే రేపు ఊరికి పోయినంక ఆ పత్తెం ఎట్లన్న ఇడుస్తరు. నీళ్లు మల్ల నిండుతయి. మిషను పని చేసిందనుకొని సారు ఉంటడు, మిషను తోనే జబ్బు పోయిందనుకొని వాళ్లుంటరు. నడుమల బసమ్మ పోతది.

పోయి చెప్పిన. కండ్లు తిరిగిన సంగతి సుత, ఏం దాయలే. నా నోటి మాట ఎట్లుండెనో అట్లనే చెప్పిన.

సారు చేతుల ఈసీజీ కాయిదం చుట్టుకుంటనే ఉన్నడు.

"పదిహేను రోజులు," అన్నడు. "పదిహేను రోజులు, ఆయమ్మ గారూ!"

"అవు సారూ."

"ఈమె ఒక్కతేనా? ఇంకెవరైనా చేశారా?"

"అడగాలె. ఆడోళ్లైతే చేసే ఉంటరు. మొగోళ్లు కల్లు సుత ఇడిచి ఉండరు."

ఆయన నవ్విండు. కోపంలనే నవ్విండు. అంతల ఏదో తట్టినట్టు లేచిండు. "కళ్లు తిరిగాయని అన్నారే, ఎప్పుడు?"

"మొన్న. పదమూడో దినం."

"ఉప్పు లేదు, నీళ్లు తక్కువ, దాని మీద నీళ్ల గోలీ పూర్తి డోసు! ఇంకో వారం ఇలాగే సాగితే పడిపోయేది. ఇది తెలియకుండా నేను మందు అలాగే రాసి పంపేవాణ్ని." ఆయన నా దిక్కు చూసిండు. "మీరు చెప్పకపోయి ఉంటే..." అని ఆపేసిండు.

అప్పుడు తెలిసింది నాకు, నా తప్పు చెప్పుకునుడు నా మనసు కోసమే కాదు, ఆ పిల్ల పానం కోసం సుత అని. సారు అప్పటికప్పుడు గోలీ తగ్గించి రాసిండు. రిజిస్టర్ల బసమ్మ పేరు పక్కన నాతోనే రాయించిండు. "తిండి మారింది. ఉప్పు లేదు. ఆయా మాట వల్ల." నా అక్షరాలు వంకరగ వచ్చినయి. దిద్దలే.

ఇగ అసలు చిక్కు గౌరవ్వ. సారు వరండకు వచ్చి చెప్పిండు.

"అమ్మా, మీ కోడలు ఉప్పు మానేయాలి. ఇక ఎప్పటికీ తగ్గించే తినాలి."

"తగ్గిస్తం సారూ," అన్నది గౌరవ్వ. ఎంత జల్దీ అన్నదంటే, ఆ తగ్గించుడు ఏందో నాకు తెలిసిపోయింది. కూరల చిటికెడు తగ్గిస్తరు, రొట్టె మీద తొక్కు పెడ్తరు. రెండేండ్లు అదే చేసిర్రు.

"సారూ," అన్న నేను, "మీరు తగ్గించుమనకుర్రి. పత్తెం అనుర్రి. అప్పుడు నేను మాట తప్పు చెప్పిన గాని, మాట మాత్రం మంచిది."

సారు నన్ను చూసి, గౌరవ్వను చూసి, గొంతు సవరించుకొని అన్నడు. "గౌరవ్వా, ఇది పత్తెం."

గౌరవ్వ కొంగు సరి చేసుకున్నది. తగ్గించుమన్నప్పుడు ఆమె చెయ్యి పొయ్యి దిక్కే ఉండె. పత్తెం అన్నంక మనిషి మొత్తం సారు దిక్కు తిరిగింది.

"ఎన్ని దినాలు?"

"జీవితాంతం."

"బ్యాడ, బ్యాడ!" అని కన్నడంల వద్దంట రెండు చేతులు ఊపింది గౌరవ్వ. "జిందగీ పత్తెమా? అది పత్తెమెట్లైతది, అది శిక్ష. దానికి మొదలుంటది, ఇడుసుడుంటది. ఇడుసుడు లేని పత్తెం నా కోడలు చెయ్యదు."

సారు ఓడిపోయినట్టు నా దిక్కు చూసిండు. గుండె సంగతి ఆయనకు తెలుసు గాని బేరం సంగతి నాకు తెలుసు. సంతల కూరగాయ పైస తక్కువ లేకుండ కొన్న దినం లేదు నాకు.

"గౌరవ్వా, జిందగీ వద్దు. ఎన్ని దినాలు చేస్తవో నువ్వే చెప్పు."

"ఇంకో వారం. అంతే."

"సరే. వచ్చే సంతకు రా. కోడలిని ఈ కాంట మీద నిలబెడ్త. బరువు పెరగకపోతే ఆ సంత నుంచి ఇంకో సంత దాక పత్తెం. పెరిగితే నువ్వు గెలిచినవ్, నీ ఇష్టమున్నది పెట్టు."

"పెరిగితే నేను గెలుసుడేంది? పెరిగితే కోడలు పోతది!"

"నువ్వే అన్నవ్ ఆ మాట. నేను అనలే."

గౌరవ్వ కొద్దిసేపు నన్ను మింగేటట్టు చూసింది. వరండల అందరు నవ్విర్రు. బసమ్మ సుత నవ్వింది. నవ్వినా దమ్ము రాలే.

"ఒక్క సంత," అన్నది గౌరవ్వ. "ఒక్కటే."

సారు ఉప్పు లేకుండ తినేటట్టు ఏం చేయాలెనో చెప్పిండు. చింతపండు, నిమ్మకాయ, ఎల్లిపాయ, జీలకర్ర వాడుకోవచ్చన్నడు. "పులుపు తినొచ్చునా పత్తెంల?" అని గౌరవ్వ ఆశ్చర్యపోయింది. ఈ పత్తెంల తినొచ్చు అన్నడు సారు. ఆ ఒక్క మాటకు బసమ్మ మొకం ఎలిగింది. మటన్ పారేసుడు నాకు గిట్టదు. గౌరవ్వ, నేను, జీపు డ్రైవర్ కూసుండి తిన్నం. బసమ్మ నిమ్మకాయ పిండుకున్న పప్పుతోని రొట్టె తిన్నది. సారు మాత్రం తినలే, రిజిస్టర్ పట్టుకొని ఒక్కొక్క మంచం కాడికి పోయి "పత్తెం ఏం చేశారు?" అని అడుక్కుంట తిరిగిండు. ఆడోళ్లు శాన మంది చేసిర్రు. ఒక ముసలాయన మాత్రం, "పత్తెమా? నాకు చెప్పలే," అన్నడు. చెప్పిన, ఆయన చెవిటోడు.

ఆ పరిశోధన ఏమైందని మీరు అడుగుతరు. మరుసటి యేడు సారు మల్ల వచ్చినప్పుడు నేను సుత అడిగిన. బసమ్మ నెత్తికి పెట్టింది ఉత్త సప్పుడు కాయిలే అంటడని నేననుకున్న. కాదట. అసలుదే పెట్టిర్రట. మరి మిషను పని చేసిందా, పత్తెం పని చేసిందా అంటే, రెండూ కలిసిపోయినయి, ఇడదీసి చెప్పలేం అన్నడు. ఆ మాట కాయిదం మీద సుత అట్లనే రాసిండట. తెల్వందాన్ని తెల్వదని రాసుడు సుత పరిశోధననే అన్నడు. ఈసారి ఆయన తెచ్చిన ఫారంల ఒక కొత్త ప్రశ్న ఉన్నది, తెలుగుల అచ్చేసి: "పత్తెం ఏమైనా చేస్తున్నారా? ఎవరు చెప్పారు? ఎన్ని దినాలు?" ఆ ప్రశ్న చూసి నేను సప్పుడు చేయకుండ రెండుసార్లు చదువుకున్న.

నేను నేర్చుకున్నది చిన్నది. ఏండ్ల తరబడి "ఉప్పు తగ్గించినవా" అని అడిగిన, "తగ్గించిన" అన్నది ఇన్న, ఇద్దరం మా పని అయిపోయిందనుకున్నం. తగ్గించు అనేది సలహా, ఇంటున్నంత సేపే ఉంటది. పత్తెం అనేది ఒక ఇల్లు ఒప్పుకున్న మాట. ఎవరు చెప్పిర్రు, ఎన్ని దినాలు, ఎవరు చూస్తరు, అన్నీ అందుల ఉంటయి. పేషెంట్ ఏం తింటుండో అడిగేటోళ్లు ఆ పేషెంట్ ఇంటి మాటతోనే అడగాలె. అడిగినంక పొయ్యి కాడికి పోయి ఒక మెతుకు నోట్లె ఏసుకొని చూడాలె. ఆ దినం నుంచి నేను రిటైరయ్యే దాక ప్రతి పేషెంట్ పప్పు రుచి చూసిన. వార్డుల నన్ను తిండిపోతు ఆయా అన్నరు. అననియ్యి.

ఆ మటన్ తిన్న మరుసటి పొద్దున, సారు జీపు పట్నం పోయినంక, నేను ఎప్పటి లెక్కనే కాంట దగ్గర నిలబడ్డ. బసమ్మ తనంతట తనే నడుచుకుంట వచ్చి ఎక్కింది. నలభై ఒకటి. నిన్న ఎంతున్నదో అంతే. రాసిన. కండ్లు తిరిగినయా అంటే లేదన్నది.

గౌరవ్వ మూట నెత్తిన పెట్టుకొని చూస్తుండె. కోడలు దిగినంక మూట నాకిచ్చి, తను ఎక్కి నిలబడ్డది.

"నీకెందుకే బరువు?"

"ఒక్క పొయ్యి మీద రెండు కూరలు ఎవరు వండుతరు? నేను సుత చప్పిడే తింట. వచ్చే సంతకు నాది సుత చూడాలె. రాయి."

యాభై రెండు. బసమ్మ పేరు కింద గౌరవ్వ అని రాసిన. ఇద్దరు బస్ డిపో దిక్కు నడిచిర్రు. తొమ్మిది గంటలకు కంగ్టి బస్సు కదిలింది.